తీగల లాగుడు ఎవరు మోస్తారు? ఇంట్లో మొదటి వాద్యం చేయబోయేవారికి

నల్లగొండలో మా మిద్దె మీది గదిలో వాద్యాలు చేస్తుంటానని తెలిసి వచ్చేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ చెక్క కొనాలి?" అప్పటికే నాలుగు వీడియోలు చూసి జిట్రేగి (రోజ్‌వుడ్), మహాగని, స్ప్రూస్ అని పేర్లు నేర్చుకుని వచ్చారని అడిగే తీరులోనే తెలిసిపోతుంది. చెక్క గురించి మాట్లాడటం హాయిగా ఉంటుంది. రంపం పట్టకుండానే సగం పని అయిపోయినట్లు అనిపిస్తుంది. నా లెక్కలో చెక్క నాలుగో ప్రశ్నో అయిదో ప్రశ్నో. మొదటిది వేరు: మీరు చేయబోయే వాద్యంలో తీగలు ఎంత బరువుతో లాగుతాయి, ఆ లాగుడును మోసేది ఏది?

స్టీలు తీగల గిటారునే తీసుకోండి. దుకాణంలో దొరికే మామూలు సన్న తీగల సెట్టును శ్రుతికి బిగిస్తే ఆరు తీగలూ కలిసి 70 కిలోలకు పైనే లాగుతాయి. పాతిక కిలోల బియ్యం బస్తాలు దాదాపు మూడన్నమాట. 3 మిల్లీమీటర్ల మందం కూడా ఉండని పై పలక మీద గుర్రాన్ని, అంటే తీగలు ఆనే ముక్కను, అంటిస్తాం. ఆ బరువు రాత్రీ పగలూ ఏళ్ల తరబడి దాన్ని ముందుకు వంచాలని చూస్తూనే ఉంటుంది. నైలాన్ తీగల గిటారులో ఆ లాగుడు 40 కిలోలకు అటూ ఇటూ, నాలుగు తీగల బుల్లి గిటారులాంటి ఉకులేలేలో 20 కిలోల లోపే. పలక మందంగా ఉంచితే బరువు మోస్తుంది కానీ మూగబోతుంది. పలచన చేస్తే పలుకుతుంది కానీ మెల్లగా ఉబ్బి, ఒక రోజు గుర్రం ఊడి చేతికి వస్తుంది. గిటారు చేసేవారి విద్యంతా ఈ రెండింటి మధ్య సందులోనే ఉంది. అందుకే మొదటి వాద్యం ఎంచుకునేటప్పుడు ఏది వాయించాలని ఉందో పక్కన పెట్టి, ఎన్ని తప్పులు చేసినా ఏది నిలబడుతుందో చూసుకోమంటాను.

మాటల గురించి ఒక మాట. వీణ చేసేవాళ్ల పదాలు మనకు ఉండగా వేరే వెతుక్కోవడం ఎందుకు? చేతితో పట్టుకునే పొడవాటి భాగం దండి, దాని మీద స్వరాల చోట్లలో అడ్డంగా ఉండేవి మెట్లు, తీగలు ఆనే చోట గుర్రం, బిగించేవి బిరడలు. గిటారుకూ ఇవే సరిపోతాయి.

దండి మోసేవి: డబ్బా గిటారు, కిన్నెర

కొన్ని వాద్యాలలో తీగ ఒక చివర నుంచి మరో చివర దాకా ఒకే కర్ర మీద ఉంటుంది. లాగుడంతా కర్రదే. పెట్టెకో బుర్రకో దక్కేది తీగ కదలిక మాత్రమే, కాబట్టి అది ఎంత నాసిగా ఉన్నా కూలిపోదు. మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకన్నా పెద్ద వరం లేదు.

వాటిలో సులువైనది డబ్బా గిటారు. అమెరికాలో చుట్టల పెట్టెలతో చేసేవారు. మనకు బిస్కెట్ డబ్బా, నెయ్యి డబ్బా, చిన్న చెక్క పెట్టె, ఏదైనా సరే. మూడడుగుల పొడవు, అంగుళంన్నర వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న టేకు కర్రను డబ్బా ఇటు నుంచి అటు దూర్చి, మూడు పాత బిరడలు, మూడు తీగలు వేస్తే చాలు. పై చివర ఒక బోల్టు, కింద గుర్రంగా ఇంకో బోల్టు. స-ప-స శ్రుతి చేసి, ఖాళీ గాజు సీసాను తీగల మీద జారుస్తూ చిత్రవీణలా వాయించవచ్చు. మెట్లే లేవు కనుక మెట్ల లెక్క తప్పే ప్రసక్తి లేదు. రెండు ఆదివారాల పని, ఖర్చు వెయ్యి రూపాయల లోపు. రేకు డబ్బా మోత కాస్త చెవికి గుచ్చుతుంది, చెక్క పెట్టె అయితే మెత్తగా పలుకుతుంది. 15 కిలోల నూనె డబ్బాతో కూడా చేసి చూశాను. చూడటానికి బ్రహ్మాండం, ఒళ్లో పెట్టుకుంటే మాత్రం అంచులు తొడలను కోస్తాయి.

రెండోది కిన్నెర. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది మన నేల వాద్యం. వెదురు బొంగు దండి, దాని కింద మూడు సొరకాయ బుర్రలు, పైన మైనంలో నిలబెట్టిన మెట్లు. కథలు పాడే డక్కలి వారి చేతిలో ఇది తరతరాలుగా ఉంది. ఒకప్పటి మహబూబ్‌నగర్, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో కథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నాక చాలామంది దీని పేరు మొదటిసారి విన్నారు.

తయారీ వైపు నుంచి చూస్తే కిన్నెరలో నాకు నచ్చేది మైనం. గిటారులో మెట్టు తప్పు చోట కోశారంటే ఆ కోత అక్కడే ఉంటుంది, మొత్తం మెట్ల పలక మార్చాల్సిందే. కిన్నెరలోనూ వీణలోనూ మెట్టును మైనం పట్టుకుంటుంది. చెవికి తేడా వస్తే మైనాన్ని వెచ్చబెట్టి మెట్టును వెంట్రుకవాసి జరపవచ్చు. స్వరం మీద చెవి ఉండి, కొలతల మీద చేయి ఇంకా కుదరనివారికి ఇదే సరైన బడి. నల్లగొండ ఎండకు మైనం తనంతట తానే జరిగే రోజులూ ఉంటాయి. మే నెలలో పడమటి గోడకు ఆనించి పెట్టకండి.

కష్టం బుర్రల దగ్గర ఉంది. కూరకు పండించే పొడుగు సొరకాయ పనికిరాదు, పెంకు పలచన. గుండ్రటి రకం కావాలి. తీగ మీదే ముదిరి తొడిమ ఎండేదాకా కోయకూడదు, కోశాక నీడన నెలల తరబడి ఆరనివ్వాలి. ఆరేటప్పుడు పైన బూజు పడుతుంది, కంగారు పడకుండా గీకేయాలి. ఊపితే లోపల గింజలు గలగలమంటే ఆరినట్లు. వెదురును మేదరి వాళ్ల దగ్గర కొనుక్కోవచ్చు. అమ్రాబాద్ అడవి పులుల అభయారణ్యం, అక్కడ నరకడం నేరం. పాతకాలపు కిన్నెర మెట్లకు అలుగు (పాంగోలిన్) ఎముకలు వాడేవారని చెబుతారు. అలుగు ఇప్పుడు చట్టం కాపాడుతున్న జంతువు, ఆ ఆలోచనే వద్దు. గేదె కొమ్ము ముక్క, గట్టి చెక్క, ఇత్తడి కమ్మీ చాలు.

ఇంట్లో చేసుకున్నది నేర్చుకోవడానికి. అసలు కిన్నెర కావాలంటే ఆ వాద్యాన్ని బతికించుకుంటూ వచ్చినవారి దగ్గర, వారు చెప్పిన ధరకు కొనండి. మన అభిరుచి వారి జీవనానికి పోటీ కాకూడదు.

పెట్టె మోసేవి: ఉకులేలే, నైలాన్ గిటారు, స్టీలు గిటారు

ఈ గుంపులో గుర్రం పలక మీదే అంటుకుని ఉంటుంది, లాగుడు పెట్టె మీదే పడుతుంది. అసలు పరీక్ష ఇక్కడే.

ఉకులేలే 1879లో హవాయికి వలస వెళ్లిన మదీరా ద్వీపపు పోర్చుగీసు వడ్రంగుల చేతుల్లో పుట్టింది. నాలుగు నైలాన్ తీగలు, చిన్న పెట్టె. పలక 2 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ ఉన్నా మోస్తుంది. చెక్క తక్కువ పడుతుంది, తప్పయితే నష్టం తక్కువ, గదిలో చోటు తక్కువ పడుతుంది. ఇన్ని తక్కువలు చూసి "పిల్లల ఆట" అనుకుంటే పొరపాటు. రెండు చోట్ల ఇది గిటారు కన్నా మొండిది.

ఒకటి, పక్క చెక్కల వంపు. ఉకులేలే నడుము చిన్నది కాబట్టి వంపు బిగువుగా ఉంటుంది. వేడి ఇనుప గొట్టం మీద తడి చెక్కను వంచుతుంటే గిటారు నడుము దగ్గర వంగే చెక్క ఇక్కడ ఠప్పున విరుగుతుంది. 1.6 మిల్లీమీటర్ల దాకా పలచన చేయాలి, ఓపిక పట్టాలి. వంపు భయం ఉన్నవారికి నేనిచ్చే సలహా తేలికైనది: మొదటిదాన్ని వంపులు లేకుండా, నాలుగు పలకల పెట్టెలా చేయండి. వినే చెవికి పెద్దగా తేడా తెలియదు.

రెండోది మెట్ల లెక్క. మెట్ల మధ్య దూరం ఒక సూత్రం మీద నడుస్తుంది. తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు చోటు వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే రెండోది. అలా వెళ్తే పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో పడుతుంది. 650 మిల్లీమీటర్ల గిటారులో మొదటి మెట్టు 36.48 దగ్గర వస్తే, 380 మిల్లీమీటర్ల కాన్సర్ట్ సైజు ఉకులేలేలో 21.33 దగ్గర. ఇప్పుడు మీ చేయి అర మిల్లీమీటరు తప్పిందనుకోండి. పన్నెండో మెట్టు దగ్గర గిటారులో స్వరం 3 సెంట్ల లోపే మారుతుంది, ఉకులేలేలో 4.5 సెంట్లు. సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు. తీగ ఎంత పొట్టిదైతే తప్పు అంత పెద్దగా వినబడుతుంది. అందుకే ఉకులేలే చేసేవారికి నా సలహా: మిగతావన్నీ చేత్తో చేయండి, మెట్ల గాట్లు పెట్టిన పలకను మాత్రం మొదటిసారి కొనుక్కోండి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

తీగల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఉకులేలేకు ఫ్లోరోకార్బన్ గాలం దారం చక్కగా పలుకుతుంది, దేశదేశాల్లో వాడుతున్నారు. నాగార్జునసాగర్ వైపు గాలాల దుకాణాల్లో దొరికే మామూలు నైలాన్ దారం ప్రయత్నించాను. సాగుతూనే ఉంటుంది, శ్రుతి నిలవదు.

నైలాన్ గిటారు నడిమి దారి. చేసేది నిజమైన గిటారే, పలక కింద విసనకర్రలా పరిచిన సన్నటి బద్దలు. ఈ పద్ధతిని 19వ శతాబ్దంలో ఈనాటి రూపానికి తెచ్చినవాడు స్పెయిన్‌కు చెందిన ఆంటోనియో దె తొర్రెస్. దండి వంగకుండా లోపల ఇనుప కడ్డీ పెట్టే అవసరం లేదు. దండిని, పెట్టెను ఒకే అచ్చు మీద బోర్లా పెట్టి కట్టే స్పానిష్ పద్ధతిలో దండి కోణం తప్పే అవకాశం బాగా తగ్గుతుంది. కొత్తవారు గిటార్లు పాడుచేసుకునేది ఎక్కువగా ఆ కోణం దగ్గరే.

స్టీలు గిటారుకు వస్తే 70 కిలోల లెక్క గుర్తుంది కదా. అమెరికాలో మార్టిన్ కంపెనీ 1840ల నాటికే వాడిన ఎక్స్ ఆకారపు బద్దలు తర్వాత స్టీలు తీగలకు బాగా పనికొచ్చాయి. ఇప్పుడు దాదాపు అందరూ వాడేది అదే. దండిలో సర్దుబాటు కడ్డీ ఉండాలి. బద్దలను ఎంత చెక్కాలన్నది అసలు విద్య. కొలతలు పుస్తకంలో ఉంటాయి, పలక మాత్రం చెట్టు చెట్టుకూ మారుతుంది. ఒక లెక్క చెబుతాను: గట్టిదనం మందానికి ఘనంలో మారుతుంది. 3 మిల్లీమీటర్ల పలకను 2.7కు తెస్తే మందం పదో వంతే తగ్గింది, గట్టిదనం మాత్రం నాలుగో వంతుకు పైగా పోయింది. గరుకు కాగితంతో "ఇంకొంచెం" అనుకుంటూ రుద్దిన ఒక సాయంత్రం గిటారు తలరాతను మార్చేస్తుంది. మూడో వాద్యంగా చేయండి, మొదటిదిగా వద్దు.

కిట్టు, సొంతం, మరమ్మతు

కిట్టు కొంటే పక్కలు వంచి, మెట్ల గాట్లు కోసి, దండి చెక్కి వస్తుంది. అంటించి, రంగు వేసి, తీగలు కట్టడం మీ పని. వేసవి సెలవుల్లో పూర్తి కావాలి, ఇంట్లో చప్పుడు ఉండకూడదు అనుకునేవారికి ఇదే మేలు. మన దగ్గర చౌకగా దొరికే ఉకులేలే కిట్లు చాలావరకు రంగులు వేసుకోవడానికే. ధ్వని మీద ఆశ పెట్టుకోకండి. బయటి దేశాల నుంచి వచ్చే మంచి గిటారు కిట్ల మీద రవాణా, కస్టమ్స్ కలిస్తే దుకాణంలో మంచి గిటారే వచ్చేస్తుంది.

ఎవరూ లెక్కలోకి తీసుకోని మూడో దారి ఒకటుంది: పాత విరిగిన గిటారు కొని బాగు చేయడం. హాస్టల్ వదిలి వెళ్లేటప్పుడు విద్యార్థులు అమ్మేసే ప్లైవుడ్ గిటార్లు వందల రూపాయలకు దొరుకుతాయి. గుర్రం ఊడింది, మెట్లు అరిగాయి, దండి వంగింది, ఇలా ఏదో ఒక రోగం ఉంటుంది. ఆ రోగాలన్నీ రేపు మీరు చేయబోయే గిటారుకూ రాగలవి. వాటిని ముందే మరొకరి వాద్యంలో చూసి, చేత్తో పట్టుకుని నేర్చుకుంటారు. నాకు మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంటే డబ్బా గిటారు, పాత గిటారు మరమ్మతు, ఆ తర్వాతే ఉకులేలే. కిట్టు జోలికి పోయేవాణ్ణి కాదు, కానీ అది నా స్వభావం. ఓపిక తక్కువ ఉన్నవారిని కిట్టే కాపాడుతుంది.

ఇప్పుడు చెక్క

చెక్క గురించి ఎక్కువ దిగులు పడేవారికి ఒక సంగతి చెబుతాను. పైన చెప్పిన తొర్రెస్ 1862లో ఒక గిటారు చేశాడు. వెనుక, పక్కలు కాగితపు గుజ్జుతో అచ్చు పోసి, పై పలక మాత్రం మంచి చెక్కతో. పలికేది పై పలకేనని చూపించడానికి చేసిన పని అది. ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. కాబట్టి డబ్బు పెట్టాలంటే పై పలక మీద పెట్టండి. స్ప్రూస్ తేలిక, నార పొడవునా గట్టి. గిటారు పై పలకకు అంత సరిపోయే చెక్క మన ప్రాంతంలో నాకు కనిపించలేదు. తెప్పించుకోవాల్సిందే.

వెనుక, పక్కలకు మన చెక్క చాలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత ఇళ్లు కూల్చినచోట టేకు దూలాలు, ద్వారబంధాలు, కిటికీ చట్రాలు బయటపడతాయి. దశాబ్దాలుగా ఆరిన చెక్క, ఇక పెద్దగా వంగదు. మొదట అయస్కాంతం పెట్టి మేకులు వెతకండి, లేకపోతే సామిల్లు వాళ్లు రంపం పళ్లు విరిగాయని మీ మీద పడతారు. చెక్క అంచున చూసినప్పుడు గీతలు పలకకు నిట్టనిలువుగా ఉన్న ముక్కలే ఎంచుకోండి, తేమకు తక్కువ కదిలేవి అవే. టేకులో నూనె ఉంటుంది. అంటించే ముందు ఆ చోటును అసిటోన్‌తో తుడిచి వెంటనే జిగురు పూయాలి, లేకపోతే అతుకు నిలవదు. ఉలి పదును కూడా తొందరగా పోతుంది, టేకులో ఉండే ఇసుక గుణం వల్ల.

ఉకులేలేకు నా ఎంపిక మాత్రం మామిడి. హవాయిలోనూ మామిడి చెక్కతో ఉకులేలేలు చేస్తారు. మనకు కొల్లాపూర్ తోటలున్నాయి. గాలివానకు పడిన ముసలి మామిడి చెట్టును పెట్టెల చెక్కగా కోసేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. లోపల తేనె రంగు మీద నల్లటి జీరలతో ఎంత అందంగా ఉంటుందో! దోషం ఒకటే, పురుగు. కోసిన దుంగను వానలో వదిలేస్తే తొలుచుకుపోతుంది. వెంటనే పలకలుగా కోయించి, మధ్య బద్దలు పెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చాలి. ఎక్కడైనా సన్నటి పొడి రాలుతుంటే ఆ పలకను పక్కన పెట్టేయండి, జాలి పడవద్దు.

జిట్రేగి గురించి అడుగుతారు. అద్భుతమైన చెక్క, నిజమే. కానీ ఆ జాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టికలో ఉంది. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019లో సడలింపు వచ్చింది, విడి చెక్కకు రాలేదు. బిల్లు లేని జిట్రేగిని ఎవరైనా చాటుగా అమ్ముతుంటే కొనకండి. దాని పొడి చాలామందికి దద్దుర్లు తెస్తుంది, మాస్కు తప్పనిసరి. మొదటి వాద్యానికి దాని మీద ఖర్చు వృథా అని నా గట్టి నమ్మకం.

జిగురు, ఎండ, ముసురు

వడ్రంగులు వాడే తెల్ల జిగురు ఇంటి సామానుకు బాగుంటుంది. ఎప్పుడూ లాగుడులో ఉండే అతుకు దగ్గర అది మెల్లగా జారుతుంది, వేడికి ఇంకా మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల గిటారు వదిలేస్తే గుర్రం ఊడటానికి ఒక్క మధ్యాహ్నం చాలు. ఉకులేలేకు తెల్ల జిగురు సర్దుకోవచ్చు. గిటారుకు పసుపు రంగు అలిఫాటిక్ జిగురు కొనండి. పశువుల తోలు నుంచి తీసి నీళ్లలో కాచి వాడే పాతకాలపు జిగురు అన్నిటికన్నా గట్టిగా ఆరుతుంది, అవసరమైతే తడి, వేడి తగిలించి విప్పవచ్చు కూడా. కాకపోతే వేడిగా ఉన్న ఒకటి రెండు నిమిషాల్లోనే అతుకు బిగించాలి. కొత్త చేతికి ఆ పరుగు కష్టం.

జిగురు కన్నా కాలం ముఖ్యం. నా మొదటి నైలాన్ గిటారు పెట్టెను శ్రావణ మాసంలో, నాలుగు రోజుల ముసురులో మూశాను. చెక్క అప్పుడు తేమ పీల్చి ఉబ్బి ఉంది. శీతాకాలమంతా బాగానే పలికింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నా రోలు పై పలకే. గుర్రం కింద నుంచి అంచు దాకా ఒకే గీత. తప్పు చెక్కది కాదు, నాది. తడిలో మూసిన పెట్టె ఎండలో కుంచించుకుపోతుంది, పక్కలు దాన్ని వదలవు, ఎక్కడో ఒకచోట తెగాల్సిందే. పొడిలో మూసిన పెట్టె వానాకాలంలో కాస్త ఉబ్బుతుంది, తీగలు కొంచెం పైకి లేస్తాయి, అంతే.

గాలిలో తేమ 45 శాతం దగ్గర ఉన్నప్పుడు పలకలకు బద్దలు అంటించి, పెట్టె మూయాలి. తేమ మీటరు చౌకగా దొరుకుతుంది, మరే పనిముట్టు కన్నా ముందు దాన్నే కొనండి. మా వైపు దీపావళి దాటాక మొదలై శివరాత్రి దాకా ఆ పనికి అనువైన రోజులు దొరుకుతాయి. డబ్బా గిటారుకూ కిన్నెరకూ ఈ బాధ లేదు. కర్ర పొడవునా చెక్క దాదాపు కదలదు, కదిలేది అడ్డంగానే.

పనిముట్లు

సన్నటి రంపం, రెండు ఉలులు, చిన్న చిత్రిక, ఆకురాయి, ఉక్కు స్కేలు, బెజ్జాలు వేసే బర్మా, అతుకులు బిగించే క్లాంపులు. డబ్బా గిటారు, కిన్నెర ఇంతలో అయిపోతాయి. ఉకులేలేకు వీటితో పాటు వంపు గొట్టం, 0.6 మిల్లీమీటర్ల గాటు వేసే మెట్ల రంపం. గిటారుకు ఇవన్నీ ఇంకా పెద్దవి, క్లాంపులు లెక్కలేనన్ని. సైకిల్ ట్యూబును పొడవుగా పట్టీల్లా కోసి చుట్టూ బిగిస్తే సగం క్లాంపుల ఖర్చు తప్పుతుంది. పలకను పలచన చేసే పనిని మాత్రం వడ్రంగి మెషిన్‌కు ఇవ్వాలని చూడకండి. అది తలుపుల కోసం పెట్టిన మెషిన్, 2 మిల్లీమీటర్ల పలకను నమిలి ఉమ్మేస్తుంది. 5 దగ్గర ఆపించి, మిగతాది చిత్రికతో మీరే తీయండి.

ఎవరికి ఏది

పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్న పిల్లలకు డబ్బా గిటారు. రెండు వారాల్లో చేతిలో మోగే వస్తువు ఉంటే తర్వాత వాళ్లే పరుగెడతారు, లేకపోతే ఫోను లాక్కుంటుంది. కర్ణాటక సంగీతం వచ్చినవారికి, మైనంతో మెట్లు సర్దే ఓపిక ఉన్నవారికి కిన్నెర. ఇల్లు చిన్నది, రాత్రి పని తర్వాత గంట మాత్రమే దొరికే ఉద్యోగులకు పెట్టెలాంటి ఉకులేలే, అదీ కొన్న మెట్ల పలకతో. నాకు మొదటిది 50 గంటలకు పైగా పట్టింది, మీకూ అంతే పడుతుందనుకోండి. గిటారు బాగా వాయించేవారు తమ కోసం ఒకటి చేసుకోవాలనుకుంటే ముందు ఒక పాత గిటారు బాగు చేసి, ఆ తర్వాత నైలాన్ గిటారుకు రావాలి. మంచి గిటారు వాయించే చెవికి తన మొదటి గిటారు నచ్చదు, ఆ నిరాశకు సిద్ధపడి ఉండాలి. డబ్బు ఆదా అవుతుందని మొదలుపెట్టేవారికి ఇవేవీ కావు, దుకాణానికి వెళ్లి కొనుక్కోవడమే మేలు. పనిముట్ల ఖర్చు కలిపితే మొదటి మూడు వాద్యాల దాకా ఏదీ చౌక కాదు.

మీరు దీన్ని తొలకరి రోజుల్లో చదువుతుంటే పెట్టె మూయడానికి ఇంకా నెలలున్నాయి. ఆలోపు దండి చెక్కండి, డబ్బా గిటారు ఒకటి చేసేయండి, మామిడి పలకలు కోయించి నీడన పేర్చండి. పెరట్లో జాగా ఉంటే గుండ్రటి రకం సొర గింజలు రెండు నాటండి, పందిరి గట్టిది వేయండి. ముదిరిన బుర్రలు బరువుంటాయి.